హైబ్రిడ్ వరిలో దిగుబడి లక్షణాల పట్టికల గురించి పరిశోధకులకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన హైబ్రిడ్ వరి ప్రజనన పరిశోధకులకు, వారికి మార్గదర్శకులైన ఆచార్యులకు, ఆ వ్యాసాలను పరిశీలించి అచ్చుకు పంపే సంపాదకులకు నమస్కారాలు.

నేను చాలా ఏళ్లుగా వరి మళ్లలో కంకులు లెక్కపెడుతున్నాను, ఇతరులు లెక్కపెట్టిన వాటిని పరీక్షకుడిగా చదువుతున్నాను. ఈ చదువులో నాకు మళ్లీ మళ్లీ ఒకే రకం పట్టిక ఎదురవుతోంది. ముప్పయి దాకా హైబ్రిడ్లు, పన్నెండు లక్షణాలు, ఒక పంటకాలం, ఒకే పొలం. మొక్క ఎత్తు, పూతకు పట్టిన రోజులు, పిలకల సంఖ్య, కంకి పొడవు, కంకికి గింజలు, వెయ్యి గింజల బరువు, ఇలా ఒక్కొక్క లక్షణానికీ దిగుబడితో ఉన్న సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారుతున్నాయో చెప్పే అంకె), దాని పక్కన అది యాదృచ్ఛికం కాకపోవచ్చని సూచించే ఒకటో రెండో నక్షత్రపు గుర్తులు, ఆ తరువాత ఒక్కొక్క లక్షణపు ప్రత్యక్ష, పరోక్ష ప్రభావాలను విడదీసే పథ విశ్లేషణ, చివరగా 'కాబట్టి ఈ లక్షణాల ఆధారంగా ఎంపిక చేస్తే దిగుబడి పెరుగుతుంది' అన్న వాక్యం. ఆ వాక్యాన్ని మోయగల బలం ఆ పట్టికకు చాలావరకు ఉండదని, అయినా దానిని నమ్మి మనం తల్లిదండ్రులను ఎంచుకుంటున్నామని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. ఇలాంటి పట్టికలను నేనూ అచ్చు వేయించుకున్నాను కనుక, ఎదుటివారిని తప్పుపట్టే ముందు నా పేరూ ఆ వరుసలో చేర్చుకుంటున్నాను.

దిగుబడి లెక్క చూడడానికి చాలా సులువైనది. చదరపు మీటరులో ఎన్ని కంకులు వచ్చాయి, కంకికి ఎన్ని గింజలు పట్టాయి, వాటిలో నూటికి ఎన్ని పాలు పోసుకుని గట్టిపడ్డాయి, గట్టిపడిన వెయ్యి గింజలు ఎంత తూగాయి అన్న నాలుగింటినీ గుణిస్తే దిగుబడి వస్తుంది. 300 కంకులు, కంకికి 120 గింజలు, నూటికి 85 నిండినవి, వెయ్యి గింజల బరువు 24 గ్రాములు అనుకుంటే చదరపు మీటరుకు 734 గ్రాములు, అంటే హెక్టారుకు దాదాపు 7.3 టన్నులు వస్తాయి. ఇప్పుడు కంకిని పెద్దది చేయాలని పట్టుబట్టి 200 కంకులు, కంకికి 200 గింజలు ఉన్న హైబ్రిడ్‌ను తయారు చేశామనుకుందాం. మొత్తం గింజలు 36,000 నుంచి 40,000కు పెరిగాయి. కానీ నిండినవి నూటికి 68 మాత్రమే అయితే దిగుబడి 653 గ్రాములకు, అంటే 6.5 టన్నులకు దిగిపోతుంది. ఇది ఊహించి వేసిన లెక్కే అయినా దాని వెనుక ఉన్న పని ఊహ కాదు. పెద్ద కంకిని చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి చూడండి. పై కొమ్మల మీది గింజలు ముందు పూసి ముందే నిండుతాయి, అడుగున ద్వితీయ శాఖల మీద ఉన్నవి కొన్ని రోజులు వెనుకబడి పూసి, ఆకుల నుంచి వచ్చే పిండిపదార్థం కోసం పై వాటితో పోటీపడి, అందులో చాలావరకు ఓడి తాలుగా మిగులుతాయి. గింజలు పెట్టడానికి చోటు పెంచినంత మాత్రాన వాటిని నింపే శక్తి దానంతట అది పెరగదు.

ఈ నాలుగు ముక్కలూ ఒకదానికొకటి అడ్డుపడుతూ సర్దుకుంటాయన్నది వరిలో పాత సంగతే, దానికి జన్యువుల స్థాయిలో సాక్ష్యం కూడా దొరికింది. 2010లో వెలుగుచూసిన ఐపీఏ1 అనే జన్యువు ఒక్కటే పిలకలను తగ్గిస్తుంది, కాండాన్ని లావు చేస్తుంది, కంకిని పెద్దది చేస్తుంది. అంటే కొన్ని చోట్ల పిలకలకూ కంకి పరిమాణానికీ ఉన్న ప్రతికూల సంబంధం విడదీయడానికి వీలున్న లింకేజీ (పక్కపక్కన ఉన్న రెండు జన్యువులు కలిసి రావడం) కాదు, ఒకే జన్యువు చేసే రెండు పనులు. ఆ తేడా ఏమిటో సహసంబంధపు అంకె చెప్పదు. లింకేజీ అయితే పెద్ద జనాభా పెంచి విడదీయవచ్చు, ఒకే జన్యువు పని అయితే ఎన్ని తరాలు పెంచినా అది విడిపోదు.

ఇక పథ విశ్లేషణ సంగతి. జన్యుశాస్త్రవేత్త స్యూవల్ రైట్ 1921లో దీనిని ముందుకు తెచ్చినప్పుడు కారణాల గురించి మనకు ముందే తెలిసిన చిత్రాన్ని అంకెలలో పెట్టే పనిముట్టుగా తెచ్చాడు, అంకెలలోనుంచి కారణాలను బయటికి లాగే యంత్రంగా కాదు. 1959లో డ్యూయీ, లూ ఒక పశుగ్రాసపు గడ్డిలో విత్తన దిగుబడికి దానిని వాడిన తరువాత పంటల ప్రజననంలో అది ఒక ఆచారంగా స్థిరపడింది. మన పట్టికలలో ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, మొత్తం పొడి బరువునూ కోత సూచికనూ లక్షణాల జాబితాలో చేర్చి, ఆ రెండింటికే దిగుబడి మీద అత్యధిక ప్రత్యక్ష ప్రభావం ఉందని నిర్ధారించడం. కోత సూచిక అంటేనే గింజల బరువును మొత్తం బరువుతో భాగించగా వచ్చినది. భాగించిన దానినే మళ్లీ గుణిస్తే మొదటి అంకె రావడంలో వింతేముంది? అటువంటి పట్టికలో శేష ప్రభావం (ఈ లక్షణాలు వివరించలేని మిగులు) సున్నాకు దగ్గరగా వచ్చిందని సంతోషపడే వ్యాసాలను చదివినప్పుడల్లా, బియ్యం కొలిచిన గిన్నెతోనే గిన్నెను కొలిచినట్టు అనిపిస్తుంది.

నమూనా పరిమాణం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అందరికీ తెలిసీ అందరం పక్కన పెట్టే విషయం ఇది. 30 హైబ్రిడ్లు ఉన్నప్పుడు 0.36 దాటిన ఏ సహసంబంధానికైనా నక్షత్రం పడుతుంది, కానీ 0.36 అంటే దిగుబడిలోని తేడాలలో నూటికి 13 వంతులను మాత్రమే ఆ లక్షణం పంచుకుంటోందని అర్థం. పన్నెండు లక్షణాలంటే 66 జతలు, వాటిలో ఏ సంబంధమూ లేకున్నా మూడింటికి కేవలం యాదృచ్ఛికంగా నక్షత్రాలు పడతాయి. 0.50 అని గర్వంగా అచ్చువేసిన అంకె నిజానికి 0.17కూ 0.73కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ హద్దులను పట్టికలో చూపిన సిద్ధాంత గ్రంథం నా చేతికి అరుదుగా వచ్చింది.

నన్ను ఎక్కువగా బాధించేది ఇది కాదు. హైబ్రిడ్ వరికి ప్రత్యేకమైన మూడు పొరపాట్లు ఉన్నాయి, అవి మామూలు రకాల ప్రజననంలో ఇంత నష్టం చేయవు.

మొదటిది తల్లిదండ్రులనూ హైబ్రిడ్లనూ ఒకే కుప్పలో వేసి సహసంబంధం లెక్కించడం. లైన్ × టెస్టర్ పద్ధతిలో ఆడ వరుసలు, మగ వరుసలు, వాటి సంకరాలు అన్నీ ఒకే ప్రయోగంలో నాటుతాము కాబట్టి విశ్లేషణ చేసేవారికి అన్నింటినీ కలిపేయడం సులువు. హైబ్రిడ్లు సంకర తేజం (తల్లిదండ్రులను మించే బలం) వల్ల సగటున ఎత్తుగానూ ఉంటాయి, ఎక్కువ దిగుబడీ ఇస్తాయి. తల్లిదండ్రుల చుక్కలు గ్రాఫులో కింద ఎడమవైపు ఒక గుంపుగా, హైబ్రిడ్ల చుక్కలు పైన కుడివైపు ఇంకో గుంపుగా పడతాయి. ఏ గుంపులోనూ ఎత్తుకూ దిగుబడికీ సంబంధం లేకపోయినా, రెండు గుంపులనూ కలిపి గీత గీస్తే చక్కగా పైకి పోయే గీత వస్తుంది. దానిని చూసి ఎత్తైన హైబ్రిడ్లను ఎంచుకున్నవారికి దక్కేది గాలికి పడిపోయే చేను.

రెండవది మగ వంధ్యత్వం నుంచి పునరుద్ధరణ, అంటే పుప్పొడి పనిచేయని ఆడ వరుసకు పుట్టిన హైబ్రిడ్‌లో మగ వరుస జన్యువులు పుప్పొడిని మళ్లీ పనిచేయించడం. 1970లో చైనాలోని హైనాన్ ద్వీపంలో దొరికిన ఒక అడవి వరి మొక్క నుంచి వచ్చిన వంధ్యత్వమే ఈనాటికీ చాలా ఎ లైన్లకు (మగ వంధ్యత్వం ఉన్న ఆడ వరుసలకు) ఆధారం, దానిని సరిదిద్దే ముఖ్యమైన జన్యువులు ఆర్‌ఎఫ్3, ఆర్‌ఎఫ్4 రెండూ ప్రతి మగ వరుసలోనూ ఉండవు. పూర్తిగా పునరుద్ధరించే ఆర్ లైన్లతో (మగ వరుసలతో) పాటు సగంసగంగా పునరుద్ధరించేవి కూడా టెస్ట్ క్రాసులలో (పరీక్షించడానికి చేసిన సంకరాలలో) ఉంటే, కొన్ని సంకరాలలో కంకులు నిటారుగా తాలుతో నిలబడి ఉంటాయి, కొన్నింటిలో బరువుతో వంగి ఉంటాయి. అప్పుడు గింజలు నిండిన శాతానికీ దిగుబడికీ ఉన్న సహసంబంధం చాలా పెద్దదిగా రావడం సహజం. ఆ అంకె చెబుతున్నది దిగుబడి లక్షణాల గురించి కాదు, ఏ మగ వరుసలో పునరుద్ధారక జన్యువు ఉంది, ఏ దానిలో లేదు అన్న సంగతి మాత్రమే. అది తెలుసుకోవడానికి అంత పెద్ద క్షేత్ర ప్రయోగం అక్కరలేదు. సగం పునరుద్ధరణ ఉన్న సంకరాలను పక్కన పెట్టి మిగిలిన వాటిలో లెక్క వేస్తే అదే సహసంబంధం ఎంతకు దిగుతుందో ఎవరైనా తమ పాత దత్తాంశంలో ఒక సాయంత్రం కూర్చుని చూసుకోవచ్చు.

మూడవది పంటకాలం. ఆలస్యంగా పూసే హైబ్రిడ్‌కు ఆకులు ఎక్కువ, ఎత్తు ఎక్కువ, కంకి పొడవు, పొడి బరువు, చాలాసార్లు దిగుబడి కూడా ఎక్కువ. 2008లో వివరించిన జీహెచ్‌డీ7 జన్యువు పగలు పొడవుగా ఉండే పరిస్థితులలో పూతను ఆలస్యం చేస్తూనే మొక్క ఎత్తునూ కంకికి గింజలనూ పెంచుతుందని తెలిసినప్పుడు, మన పాత పట్టికలలో ఎన్ని నక్షత్రాలు ఈ ఒక్క కారణం వల్ల పడ్డాయో అనుకున్నాను. పూత రోజులను లెక్కలో స్థిరంగా ఉంచి పాక్షిక సహసంబంధం చూపనంతవరకు ఈ లక్షణాలలో ఏది దిగుబడిని తెచ్చిందో, ఏది పొడవైన కాలంతో పాటు వచ్చిందో తేలదు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో కంకి పొడవుకు మంచి సహసంబంధం వచ్చిందని నమ్మి, పొడవైన కంకుల హైబ్రిడ్లను ముందుకు తీసుకుపోయాను. ఒక్కొక్క మడిలో ఐదు కుదుళ్ల చొప్పున కొలిచే పని నాదే. పొద్దున్నే మంచు ఆరకముందు గట్టు మీదుగా నడుస్తూ, పేరుకు యాదృచ్ఛికంగానే అయినా, కన్ను ఆగిన కుదురు దగ్గరే నేనూ ఆగేవాడిని. కన్ను ఎప్పుడూ బాగున్న కుదురు దగ్గరే ఆగుతుంది. పైగా కొన్ని కుదుళ్లు చచ్చి ఖాళీ ఏర్పడిన చోట పక్క కుదురు వెలుతురు, నేల రెండూ దక్కించుకుని దుబ్బుగా పెరిగేది, నేను దానినే కొలిచేవాడిని. తరువాతి పంటకాలంలో మొత్తం మడిని కోసి, తూర్పారబట్టి, తేమ సరిచూసి తూచినప్పుడు నా పొడవు కంకులవాళ్లలో చాలామంది పోలిక రకాన్ని కూడా దాటలేదు. కంకి పొడవుగానే ఉంది, కానీ గింజకూ గింజకూ మధ్య ఎడం ఎక్కువ. అప్పటి నుంచి కంకిని టేపుతో కొలిచే ముందు గింజలను రాల్చి ఉప్పునీటిలో వేసి తాలు తేల్చే అలవాటు చేసుకున్నాను.

కుదురు కొలత గురించి ఇంకొక మాట. 20 × 15 సెంటీమీటర్ల ఎడంలో చదరపు మీటరుకు 33 కుదుళ్లు ఉంటాయి, కుదురుకు తొమ్మిది కంకులు వస్తే 300 దగ్గరపడతాయి. ఒక్కొక్క హైబ్రిడ్‌కు ఒకే సాలు నాటిన ప్రయోగాలలో ఇరుపక్కలా వేరే హైబ్రిడ్ ఉంటుంది. అక్కడ గెలిచేది పొరుగువాడిని నీడలో తొక్కేసే మొక్క. 1968లోనే డొనాల్డ్ అనే శాస్త్రవేత్త ఆదర్శ మొక్క రూపం గురించి రాస్తూ, పంటగా బాగా పండే మొక్క పోటీలో బలహీనంగా ఉండాలని వాదించాడు. వరిలో కూడా ఆ కాలంలోనే పొట్టి, ఎక్కువ దిగుబడినిచ్చే రకాలు ఎత్తైన రకాలతో కలిపి పెంచితే తరతరానికీ తగ్గిపోతాయని గమనించారు. అటువంటప్పుడు ఒక్క సాలులో కుదురుకు వచ్చిన దిగుబడితో ఎత్తుకూ పిలకలకూ ఉన్న సహసంబంధం, నిండు చేనులో తలకిందులయ్యే ప్రమాదం ఉంది. ఇది నమ్మనివారు తమ హైబ్రిడ్లను ఐదారు సాళ్ల మడులలో నాటి, అంచు సాళ్లు వదిలేసి కోసి చూడాలని కోరుతున్నాను.

లక్షణాలను చూసి మొక్కను కట్టడం వృథా అని నేను అనడం లేదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1989లో మొదలుపెట్టిన కొత్త మొక్క రూపం కథ మనందరికీ తెలిసినదే. పిలకలు తక్కువ, వృథా పిలకలు అసలే లేకుండా, కంకికి 200 నుంచి 250 గింజలతో, గట్టి కాండంతో గీసిన ఆ రూపం మొదటి తరంలో అనుకున్నంత పండలేదు. మొత్తం పొడి బరువు చాలలేదు, గింజలు నిండలేదు. తరువాత ఇండికా అనే వరి తెగ రకాలతో కలిపి సరిచేయవలసి వచ్చింది. అదే సమయంలో, 1996లో చైనా ప్రారంభించిన సూపర్ వరి కార్యక్రమంలో హైబ్రిడ్ వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ పెద్ద కంకితో పాటు, పొడవుగా నిటారుగా సన్నగా ఇంగ్లీషు 'వీ' అక్షరంలా ముడుచుకుని ఉండే పై మూడు ఆకులను కూడా పట్టుకున్నాడు. గింజలకు చోటునూ వాటిని నింపే ఆకులనూ కలిపి చూడడం వల్లనే ఆ దారి ముందుకు సాగిందని నా అభిప్రాయం. ఈ రెండు కథలలో ఏదీ ముప్పయి హైబ్రిడ్ల సహసంబంధ పట్టిక నుంచి పుట్టలేదు.

అయితే ఆ పై ఆకుల దగ్గరే మనం తరచు మరచిపోయే ఇంకొక చిక్కు ఉంది. మనం లక్షణాలు కొలిచేది హైబ్రిడ్ మొక్క మీద, ఎంచుకోవలసింది మాత్రం దాని తల్లిదండ్రులను. పొడవైన నిటారు పోటాకు (కంకి కిందే ఉండే చివరి ఆకు) హైబ్రిడ్‌లో వెలుతురును బాగా పట్టుకోవచ్చు, కానీ విత్తనోత్పత్తి మడిలో ఆడ వరుసకు అదే ఉంటే మగ వరుసల నుంచి గాలికి వచ్చే పుప్పొడికి అడ్డుగోడ అవుతుంది. విత్తనం పండించేవారు కొడవలితో పోటాకులు కోసేది అందుకే. అడవి వరి వంధ్యత్వం ఉన్న ఎ లైన్లలో కంకి పొట్టలోనుంచి పూర్తిగా బయటికి రాదు, జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే పెరుగుదల హార్మోన్ పిచికారీ చేసి దానిని బయటికి లాగవలసి వస్తుంది. పూత వేళ ఆడ, మగ వరుసలు ఒకేసారి పూయాలి, కీలాగ్రం (పుప్పొడిని అందుకునే ఆడ భాగం) పువ్వును కప్పిన ఊక బయటికి కనిపిస్తే మరీ మంచిది. ఈ లక్షణాలు వాణిజ్య హైబ్రిడ్ దిగుబడి పట్టికలో ఎక్కడా కనిపించవు, కానీ ఇవి లేని హైబ్రిడ్ ఎంత పండినా దాని విత్తనం గిట్టుబాటు కాక అక్కడే ఆగిపోతుంది. దిగుబడితో సహసంబంధం అని రాసేటప్పుడు ఎవరి దిగుబడి, హైబ్రిడ్ గింజదా, ఆడ వరుస మీది విత్తనానిదా అని స్పష్టంగా చెప్పమని అడగడం పెద్ద కోరిక కాదు.

గింజ లక్షణాల విషయంలో ఒక చిన్న పక్కమాట. హైబ్రిడ్ చేనులో పండే గింజ నిజానికి రెండవ తరం గింజ, దానిలోని పిండిభాగంలో తల్లిదండ్రుల లక్షణాలు వేర్వేరుగా విడిపడతాయి కాబట్టి ఒకే కంకిలో అమైలోజ్ (అన్నం మెత్తదనాన్ని నిర్ణయించే పిండిపదార్థం) గింజగింజకూ మారవచ్చు. కానీ గింజ ఆకారాన్ని హద్దుపెట్టే ఊక మాత్రం తల్లి మొక్క కణజాలం, కనుక పొడవు, వెడల్పు ఒకే తీరుగా ఉంటాయి. వెయ్యి గింజల బరువు చాలావరకు నిలకడగా ఉండడానికి ఇదీ ఒక కారణం.

మరి లక్షణం ద్వారా దిగుబడిని ఎంచుకోవడం ఎప్పుడు లాభం? దీనికి మనందరం పాఠ్యపుస్తకంలో చదివిన కొలబద్ద ఒకటి ఉంది. ఎంపిక తీవ్రత సమానమైనప్పుడు, లక్షణానికీ దిగుబడికీ మధ్య ఉన్న జన్యు సహసంబంధాన్ని (జన్యువుల వల్ల వచ్చే సహసంబంధాన్ని) ఆ లక్షణపు అనువంశికత (కనిపించే తేడాలలో జన్యువుల వాటా) వర్గమూలంతో గుణిస్తే వచ్చేది దిగుబడి అనువంశికత వర్గమూలం కంటే ఎక్కువ కావాలి. వెయ్యి గింజల బరువుకు అనువంశికత 0.81, దిగుబడికి 0.36 అనుకుందాం. వర్గమూలాలు 0.9, 0.6 అవుతాయి, అంటే జన్యు సహసంబంధం 0.67 దాటితేనే బరువును చూసి ఎంచుకోవడం నేరుగా దిగుబడిని చూసి ఎంచుకోవడం కంటే మేలు. అంత పెద్ద జన్యు సహసంబంధం గింజ బరువుకూ దిగుబడికీ మధ్య నమ్మదగిన ప్రయోగాలలో నాకు ఎదురుపడలేదు. దిగుబడి కొలవడానికి చోటు, విత్తనం చాలని తొలి దశలలో ఈ పరోక్ష ఎంపికకు విలువ ఉంది, దానిని నేను కాదనను. తుది దశలో, మడులు కోసి తూచిన తరువాత కూడా లక్షణాల మార్కులు కలిపి హైబ్రిడ్‌ను నిలబెట్టడానికి మాత్రం నాకు కారణం కనిపించదు.

అందువల్ల ఆచార్యులను ఒకటి కోరుతున్నాను. విద్యార్థి చేత ఒకే పంటకాలంలో పన్నెండు లక్షణాలు కొలిపించే బదులు, నాలుగే లక్షణాలను రెండు మూడు చోట్ల, కనీసం రెండు పంటకాలాలలో, నిండు మడులలో కొలిపించండి. పని భారం కొంత పెరిగినా, చేతికి వచ్చే అంకెకు విలువ ఉంటుంది. సంపాదకులను కోరేది, తల్లిదండ్రులనూ హైబ్రిడ్లనూ విడివిడిగా లెక్కించని పట్టికను, పునరుద్ధరణ శాతం ఇవ్వని వ్యాసాన్ని వెనక్కి పంపమని. మొత్తం బరువూ కోత సూచికా కలిసి ఉన్న పథ చిత్రాన్ని అచ్చువేయడం ఇక ఆపాలి. లక్షణానికీ దిగుబడికీ సంబంధం లేదని తేలిన ప్రయోగాలను కూడా అచ్చువేయాలి, లేకపోతే నక్షత్రాలు పడినవే మిగిలి మనల్ని మనమే మోసం చేసుకుంటాం.

పరిశోధకులైన మిత్రులకు చివరి విన్నపం ఒకటే. మీ దగ్గరున్న పాత క్షేత్ర పుస్తకాలలో కుదురు కుదురుకూ వేసిన అంకెలు ఉంటాయి, చచ్చిన కుదుళ్ల దగ్గర పెట్టిన అడ్డగీతలు కూడా ఉంటాయి. సగటులు మాత్రమే కాక ఆ అంకెలను, ఆ అడ్డగీతలతో సహా, వ్యాసంతో పాటు అందరికీ అందుబాటులో పెట్టండి. నా పొడవు కంకుల ప్రయోగపు పుస్తకం నుంచే నేను మొదలుపెడుతున్నాను. ఏ కుదుళ్ల పక్కన ఖాళీ ఉందో అందులో గుర్తు పెట్టి ఉంది, అడిగినవారికి పంపుతాను.

ఇట్లు,
మళ్లలో కంకులు లెక్కపెట్టే మీ సహోద్యోగి